రాళ్ళ మీద లైను తెగుతోందా? ముందు తెగిన కొస చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. స్టాక్‌హోం వచ్చి ఏడాదైంది, ఈ వసంతం నుంచి బాల్టిక్ ఒడ్డు రాళ్ళ మీద నిలబడి పైక్ చేపకి గాలం వేస్తున్నారు. రీలుకి 0.12 మి.మీ. బ్రెయిడ్ (సన్నటి పోగులు జడలా అల్లిన లైను) చుట్టారు, డబ్బా మీద 9 కిలోలు ఆగుతుందని ఉంది. రెండు నెలల్లో తొమ్మిది లూర్లు (కొక్కేలున్న నకిలీ ఎరలు) రాళ్ళ పాలయ్యాయి, ఒక పెద్ద చేప లూరుతో సహా పోయింది. ఇంకా లావు బ్రెయిడ్ కొంటే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండి. కాస్త లావుది కొనండి, మంచిదే, కానీ జబ్బు అక్కడ లేదు. బ్రెయిడ్‌కీ లూరు ముందు కట్టే స్టీలు తీగకీ మధ్యలో రెండు మీటర్ల లావు నైలాన్ కట్టండి. రాయికి తగిలిందని అనిపించిన ప్రతిసారీ ఆ రెండు మీటర్లూ వేళ్ళతో తడిమి చూడండి. గరుకు తగిలితే అక్కడికి కోసేసి మళ్ళీ కట్టుకోండి. ఈ మూడు పనులూ చేస్తే మీ నష్టం చాలా వరకు ఆగుతుంది. ఎందుకో, ఎలాగో కింద రాస్తాను. పదకొండేళ్ళుగా ఇదే ఒడ్డున గాలం వేస్తున్నాను, మొదటి రెండేళ్ళలో మీకంటే ఎక్కువ లూర్లే పోగొట్టుకున్నాను.

ఇక్కడి వాళ్ళు ఈ చేపని ఏమంటారో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. రాతలో గకారంతో మొదలైనా నోట్లో మాత్రం 'యెద్ద'. మా అబ్బాయి 'ఎద్దు' అంటాడు, పట్టుకున్నాక అది కుమ్మే తీరు చూస్తే తప్పేమీ లేదనిపిస్తుంది. నేనూ యెద్ద అనే రాస్తాను.

ముందు తెగిన కొస చూడండి

లైను తెగగానే మనం తిట్టుకుంటూ చుట్టేసి కొత్త లూరు కట్టేస్తాం. అలా చేయకండి. ఆ కొసని వెలుతురుకి పట్టి చూడండి, ఎవరు తెంపారో అదే చెబుతుంది.

బ్రెయిడ్ కొస దూదిలా పీచు పీచుగా విడిపోయి, ఆ పీచు ఒక జానెడు పైదాకా పాకి ఉంటే అది రాయి. కత్తితో కోసినట్టు నీటుగా తెగి, పైనంతా నున్నగా ఉంటే చేప పళ్ళు, లేదా రాయికి అంటుకుని ఉండే గుల్లల అంచు. కొస పంది తోకలా మెలి తిరిగి ఉంటే రాయిదీ కాదు, చేపదీ కాదు, మీ ముడి జారిపోయింది. ఈ మూడో రకాన్ని రాయి ఖాతాలో వేసేవాళ్ళు చాలామంది.

నాలుగోది ఒకటుంది, దాని వల్ల నేను ఒక ఎండాకాలం మొత్తం పోగొట్టుకున్నాను. కొస దగ్గరే కాకుండా లైను పొడవునా అక్కడక్కడా రంగు పోయి గరుకుగా ఉండేది. రాళ్ళనే అనుమానించాను. ఇసక ఒడ్డుకి వెళ్ళినా తెగింది! అప్పుడు తెలిసింది, గాలం కర్ర చివరి రింగులో పింగాణీ పూసకి వెంట్రుకంత పగులు. కంటికి కనపడదు. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లని రింగు లోపల తిప్పి చూడండి, పగులుంటే దూది పోగు చిక్కుకుంటుంది. కర్రని రాళ్ళ మీద పడుకోబెట్టే అలవాటున్న వాళ్ళకి ఇది తప్పదు. ఈ పరీక్షకి అర నిమిషం కూడా పట్టదు, కొత్త లైను కొనే ముందు ఇది చేయండి. రీలు స్పూలు (లైను చుట్టుకునే చక్రం) అంచున నొక్కులున్నాయేమో కూడా గోటితో గీసి చూడండి.

9 కిలోల లైను 2 కిలోలకే ఎందుకు తెగుతుంది

మన ఊళ్ళలో గిలక లేని బావి ఉండేది గుర్తుందా? చేదని కిందకి వదిలేటప్పుడు తాడు గట్టుకి ఎంత రాసుకున్నా ఏమీ అయ్యేది కాదు. నిండు చేద పైకి లాగేటప్పుడే తాడు అరిగేది, గట్టు రాయికీ గాడి పడేది. ఇక్కడా అంతే. బరువు, రాపిడి, అంచు – ఈ మూడూ ఒకేసారి కలిస్తేనే లైను పోతుంది. డబ్బా మీద రాసిన 9 కిలోలు తిన్నగా వేలాడదీసి లాగితే ఆగే బరువు. అంచు మీద లాగితే ఎంత ఆగుతుందో ఎవరూ రాయరు.

బ్రెయిడ్ అంటే సాలెపోగుల్లాంటి వందల పాలిథిలీన్ పోగుల జడ. లాగడానికి దానంత గట్టిది లేదు, కానీ ఒక్కో పోగూ వెంట్రుక కంటే సన్నం. బిగువుగా ఉన్నప్పుడు రాతి గరుకు ఒక్కో పోగునీ కోసుకుంటూ పోతుంది. పైగా అది దాదాపు సాగదు, కాబట్టి అంచు మీద భారమంతా ఒకే చోట పడుతుంది. నైలాన్ ఒంటి పోగు. మన కోస్తాలో తంగూసు అంటాం, ఇక నుంచి అలాగే రాస్తాను. 0.60 మి.మీ. తంగూసుకి పైన కాస్త గీరుకున్నా లోపల కండ మిగిలే ఉంటుంది. లాగితే సాగుతుంది, అంచు మీద కొంత జారి తప్పించుకుంటుంది.

నైలాన్ బదులు ఫ్లోరోకార్బన్ అనే ఇంకో రకం ఒంటి పోగు లైను వాడొచ్చా అని తర్వాత అడుగుతారు. వాడొచ్చు. నీళ్ళలో తక్కువ కనిపిస్తుంది, నీరు పీల్చదు, బరువెక్కువ కాబట్టి మునుగుతుంది. రాపిడికి తంగూసు కంటే ఎన్నో రెట్లు నయమని అమ్మేవాళ్ళు చెబుతారు, నా చేతికి మాత్రం అంత తేడా తెలియలేదు. రాయి దగ్గర పదార్థం కంటే లావే ముఖ్యం. 0.40 ఫ్లోరోకార్బన్ కంటే 0.70 మామూలు తంగూసు నన్ను ఎక్కువసార్లు కాపాడింది, ధర కూడా బాగా తక్కువ. సముద్రపు గాలానికి అమ్మే పెద్ద చుట్ట ఒకటి కొనుక్కుంటే ఏళ్ళు వస్తుంది. ఎలాగూ కోసి పారేసే ముక్క, ఖరీదైనది కడితే కోయడానికి మనసొప్పదు. అదే అసలు ప్రమాదం.

నేను కట్టే వరస

రీలుకి 0.20 నుంచి 0.25 మి.మీ. బ్రెయిడ్. 0.12 కంటే ఇది రాపిడికి మరీ గొప్పగా ఆగుతుందని కాదు. లూరు ఇరుక్కున్నప్పుడు తిన్నగా లాగితే కొక్కెం వంగి బయటికి వచ్చేంత బలం ఉంటుంది, లూరు మిగులుతుంది. ఆ కొసకి రెండు మీటర్ల 0.60 లేదా 0.70 తంగూసు. ఆ చివర 30–40 సెం.మీ. స్టీలు తీగ, 7×7 అల్లికది (ఏడేసి పోగుల పేటలు ఏడు కలిపి పేనినది) మెత్తగా ఉంటుంది. టైటానియం అయితే మెలిపడదు, ఖరీదు మాత్రం మండిపోతుంది. తీగకి క్లిప్పు, క్లిప్పుకి లూరు.

తంగూసు ఉంది కదా అని స్టీలు తీగ మానేయకండి. రాయికీ పళ్ళకీ మందులు వేరు. యెద్ద పళ్ళు లోపలికి వాలి, దవడ నిండా ఉంటాయి. 0.70 తంగూసుని ఒక్క కొరుకులో తెంపేస్తుంది. వాలుగ నోరు చూసినవాళ్ళకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. తెగితే పోయేది మన లూరు ఒక్కటే కాదు, మూడు కొక్కేల ఇనుము నోట్లో పెట్టుకుని ఆ చేప తిరగాలి.

బ్రెయిడ్‌నీ తంగూసునీ కలపడానికి ఎఫ్‌జీ ముడి నేర్చుకోండి. సన్నంగా ఉంటుంది కాబట్టి రింగుల్లోంచి తగలకుండా వెళ్తుంది. మొదట్లో విసుగొస్తుంది. టీవీ ముందు కూర్చుని ఇరవైసార్లు కట్టండి, ఆ తర్వాత చలిలో కూడా చేతులు వాటంతట అవే కడతాయి. అది వచ్చేదాకా ఆల్బ్రైట్ ముడి చాలు. ఏ ముడైనా బిగించే ముందు తడపండి, పొడిగా లాగితే రాపిడి వేడికి తంగూసు అక్కడే బలహీనపడుతుంది. బ్రెయిడ్ స్పూలు మీద జారకుండా అడుగున కొన్ని చుట్లు తంగూసు వేశారా? లేకపోతే పెద్ద చేప పడ్డప్పుడు చుట్ట మొత్తం స్పూలు మీద గిరగిరా తిరుగుతుంది.

రీలు బ్రేకు ఎంత బిగించాలి? వరసలో అన్నిటికంటే బలహీనమైన చోటు ఎంత ఆగుతుందో దాంట్లో పావు వంతు, మహా అయితే మూడో వంతు. ఇండియా ప్రయాణానికి సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసు మన ఇళ్ళల్లో ఎలాగూ ఉంటుంది. దానికి లైను తగిలించి, కర్ర ఎత్తి లాగండి. రెండున్నర, మూడు కిలోల దగ్గర లైను జారడం మొదలవ్వాలి. మీ ముడులు ఎంతకి తెగుతాయో కూడా దాంతోనే చూసుకోవచ్చు, కళ్ళకి అద్దాలు పెట్టుకుని.

ఎటు వైపు నిలబడ్డారన్నది కూడా లెక్కే

ఇది పుస్తకాల కంటే కాళ్ళు నేర్పిన విషయం. స్టాక్‌హోం ముందు సముద్రంలో చిన్నా పెద్దా కలిపి దాదాపు 30,000 దీవులు ఉన్నాయంటారు. మంచు యుగంలో వీటి మీదుగా ఉత్తరం వైపు నుంచి మంచు పలక జారింది. అది ఎక్కిన వైపు, అంటే దీవికి ఉత్తరం దిక్కున, రాయి నున్నగా ఏనుగు వీపులా ఉంటుంది. దిగిన వైపు, దక్షిణాన, మంచు రాతిని పెళ్ళలు పెళ్ళలుగా పీకేసింది. అక్కడ నిట్రమైన అంచులు, నీళ్ళలో పడిన బండలు, వాటి మధ్య సందులు. ఏ దీవి మీదైనా నడిచి చూడండి, చాలా చోట్ల ఈ తేడా కాళ్ళకే తెలుస్తుంది.

కాబట్టి నున్నటి వైపు లూరు జారుకుంటూ వచ్చేస్తుంది, విరిగిన వైపు ఇరుక్కుంటుంది. మరి నున్నటి వైపే వేస్తే పోదా అంటే, చిన్న చేపలు దాక్కునేది ఆ బండల సందుల్లోనే, వాటి కోసం యెద్ద కాపు కాసేదీ అక్కడే. అందుకని కొత్త చోటికి వెళ్తే నేను ముందు నున్నటి వైపు వేసి చేతులు కుదిరాక, విరిగిన వైపుకి లూరు మార్చుకుని వెళ్తాను.

గుల్లల సంగతి. బాల్టిక్ ఉప్పదనం తక్కువే అయినా ఇక్కడి రాళ్ళకి బార్నకిల్స్ పడతాయి. తెల్లటి చిన్న గుల్లలు, అంచు బ్లేడులా ఉంటుంది. ఈతకి వెళ్ళి మోకాలు కోసుకున్న ప్రతివాడికీ అవి తెలుసు. స్టాక్‌హోంకి పడమటనున్న మేలరెన్ సరస్సు మంచినీళ్ళే కదా, అక్కడ ఆ బెడద లేదనుకోకండి, అక్కడ జీబ్రా ఆలుచిప్పలు ఉన్నాయి. అవి స్వీడన్‌కి వచ్చి వందేళ్ళు కావస్తోంది, రాళ్ళకి గుత్తులుగా అంటుకుంటాయి. మీ కొస నీటుగా కోసినట్టు ఉండి, తెగినప్పుడు చేప లేకపోతే వీటినే అనుమానించండి. బిగువు లైను ఆ అంచు మీద పడితే లావు కూడా పెద్దగా కాపాడదు. లైనుని అక్కడికి పోనివ్వకపోవడమే దారి.

పోనివ్వకుండా ఎలా

లైను నీళ్ళలోకి ఎంత నిలువుగా దిగితే రాయికి అంత తక్కువ రాసుకుంటుంది. కాస్త ఎత్తు మీద నిలబడండి (తడి నాచు మీద మాత్రం వద్దు, జారితే లూరు లెక్క మరిచిపోతారు). లూరు చివరి ఐదారు మీటర్లకి రాగానే కర్ర కొస పైకెత్తి చుట్టండి. ఒడ్డు దగ్గర నీటి కింద ఉండే గట్టు అంచు సరిగ్గా అక్కడే ఉంటుంది, మీ తొమ్మిది లూర్లలో సగం అక్కడే పోయి ఉంటాయని నా అనుమానం.

సముద్రంలోకి తిన్నగా విసిరి ఒడ్డుకి లాగే బదులు, ఒడ్డు వెంబడి పక్కకి వేయండి. అప్పుడు లూరు దారంతా ఒకే లోతులో వస్తుంది, గట్టు ఎక్కాల్సిన పని ఉండదు. యెద్ద కూడా గట్టు వెంబడే పొంచి ఉంటుంది కాబట్టి నష్టం లేదు.

లూరు ఎంపిక. రాళ్ళున్న చోట మునిగే స్పూన్లు (చెంచా ఆకారపు రేకు లూర్లు), బరువైన జిగ్గులు (కొక్కేనికి సీసపు తల ఉన్నవి) పక్కన పెట్టండి. తేలే వాబ్లరు (చేప ఆకారంలో ఉండి అటూ ఇటూ ఊగే లూరు) వాడండి. చుట్టుతుంటే మునుగుతుంది, ఆపితే పైకి లేస్తుంది. ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా అనే జాలరి 1930ల్లో చెక్కినవి ఈ తేలే రకమే. రాయికి టక్ మని తగలగానే చుట్టడం ఆపి, లైను వదులు చేసి రెండు క్షణాలు ఆగితే చాలా సార్లు అదే తప్పించుకుని లేస్తుంది. మనకి చేయి ఆగదు, అదీ సమస్య. తగలగానే చేప అనుకుని గట్టిగా కొడతాం, కొక్కెం రాతి సందులో ఇంకా లోపలికి దిగుతుంది. బండల మధ్య అయితే స్పిన్నర్‌బైట్ ఇంకా మేలు, దాని తీగ చేయి ముందు రాయికి తగులుతుంది, కొక్కెం వెనక దాక్కుంటుంది. మూడు కోరల కొక్కేలు తీసేసి ఒంటి కొక్కెం పెడితే ఇరుక్కోవడం బాగా తగ్గుతుంది, చేప నోట్లోంచి తీయడమూ సులువు.

కొత్త చోట మొదట ఒకసారి లూరు నీళ్ళలో పడ్డాక అడుగు తగిలేదాకా లెక్క పెట్టండి. ఎనిమిది అంకెలకి తగిలితే, తర్వాత నుంచి ఐదు దగ్గరే చుట్టడం మొదలుపెట్టండి.

ఇరుక్కుంటే

కర్రతో గుంజకండి, కర్ర విరుగుతుంది. ముందు లైను పూర్తిగా వదిలి కర్ర కొస ఆడించండి. రాకపోతే రీలు దగ్గర లైనుని వేళ్ళతో పట్టి విల్లు నారిలా లాగి టప్పున వదలండి, ఆ దెబ్బకి లూరు వెనక్కి తుళ్ళి ఊడుతుంది. నాకు సగం పైగా ఇక్కడే వచ్చేస్తాయి. అప్పటికీ రాకపోతే పది పదిహేను అడుగులు పక్కకి నడిచి, ఏ వైపు నుంచి లోపలికి దూరిందో ఆ వైపు నుంచి లాగండి.

ఏదీ కుదరకపోతే తెంపక తప్పదు. బ్రెయిడ్‌ని చేతికి ఎప్పుడూ చుట్టుకోవద్దు, ఎముక దాకా కోస్తుంది. ఒక కర్ర ముక్కకి చుట్టి, మొహం పక్కకి తిప్పుకుని, మెల్లగా వెనక్కి నడవండి. ఊడిన లూరు తుపాకీ గుండులా వస్తుంది. తెగి చేతికొచ్చిన లైను జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళండి, ఒడ్డున వదిలితే పక్షుల కాళ్ళకి చుట్టుకుంటుంది.

చేప ఉన్నప్పుడు

యెద్ద దూరాలు పరుగెత్తే చేప కాదు. ఒడ్డు దగ్గరికి వచ్చి మిమ్మల్ని చూశాక ఒక్క ఊపున గట్టు కిందకి దూరుతుంది. అప్పుడు లైను అంచు మీద కరకర రాసుకోవడం కర్రలోంచి చేతికి తెలుస్తుంది. అది తెలియగానే ఎవరైనా ఇంకా గట్టిగా లాగుతారు. బావి తాడు గుర్తు తెచ్చుకోండి, భారం తీసేయాలి. రీలు తెరిచి లైను వదిలేయండి. లాగేవాడు లేకపోతే చేప చాలాసార్లు అదే బయటికి వస్తుంది. ఆలోగా మీరు అంచు దాకా నడిచి, చేపకి తిన్నగా పైన నిలబడి, నిలువుగా లాగండి. నా మొదటి ఏడాది మే నెలలో ఒక పెద్దదాన్ని ఇలాగే పోగొట్టుకున్నాను. గుంజాను, కరకర, ఆ తర్వాత చేతిలో బరువు లేదు. కొస చూస్తే మూరెడు పొడవున దూది. తెగింది ఆ క్షణంలోనే అయినా, ఆ దూదిలో సగం అంతకు గంట ముందు ఇరుక్కున్న రాయిదే. అప్పుడు చూసుకోలేదు.

చూసుకోవడం నాకు నేర్పింది స్వీడన్ కాదు, ధవళేశ్వరం. మా చిన్నాన్న ఆనకట్ట దిగువ బండల మీద గాలం వేసేవాడు. ప్రతి నాలుగైదు విసుర్లకీ తంగూసు కొసని రెండు పెదవుల మధ్య పెట్టి మెల్లగా లాగేవాడు. పిల్లలం నవ్వేవాళ్ళం, చేపల వాసన కదా అని. వేలికి తెలియని గీత పెదవికి తెలుస్తుందని ఇక్కడికొచ్చాక అర్థమైంది. అక్టోబరు చలికి వేళ్ళు మొద్దుబారిపోయాక మరీను. పెదవి మీద ఇసక రేణువంత గరుకు తగిలినా అక్కడికి కోసేస్తాను. తంగూసు ఒక మీటరుకి తగ్గితే కొత్తది కడతాను. బ్రెయిడ్ కొస నుంచి కూడా రోజు చివర రెండు మీటర్లు తీసేస్తాను. రెండేళ్ళకి చుట్ట మొత్తం విప్పి తిరగేసి చుడితే లోపలి కొత్త భాగం పైకొస్తుంది, ఇంకో రెండేళ్ళు లాగించొచ్చు.

నియమాల సంగతి అడగలేదు కానీ, చెప్పేస్తాను. ఒడ్డు నుంచి కర్రతో పట్టుకోవడం ఈ తీరాన 1985 నుంచి ఉచితమే. కానీ యెద్దల విషయంలో మనిషికి రోజుకి 3 మాత్రమే, అవీ 40 నుంచి 75 సెం.మీ. మధ్య ఉన్నవే ఉంచుకోవాలి, అంతకంటే పెద్దవి వదిలేయాలి. సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన కొన్ని కయ్యల్లో వసంతంలో గుడ్లు పెట్టే కాలాన వేట పూర్తిగా నిషేధం. ఇవి మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు ఒకసారి చూసుకోండి.

ఇక మీ దగ్గరున్న 0.12 బ్రెయిడ్ పారేయకండి. ముందు పది మీటర్లు కోసేసి, చిన్న రీలుకి ఎక్కించి, ఇసక అడుగున్న చోట పెర్చ్ చేపకి వాడుకోండి. దానికి అది సరిగ్గా సరిపోతుంది, వేపుడికి యెద్ద కంటే పెర్చే రుచి కూడా.